ఆసుపత్రిలో రోగికి అండ – సామాజిక కార్యకర్త

“రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే” అనే సామెత మనందరికీ తెలిసిందే. అయితే ఆ పాలు కొనడానికి ఇంట్లో డబ్బులు లేకపోతే ఏం చేయాలో ఆ సామెత చెప్పదు. “పాలు, గుడ్లు, పప్పు బాగా తినాలి, నెల తర్వాత మళ్లీ రావాలి” అని డాక్టరు గారు చెప్తారు. ఆ చీటీ పట్టుకొని ఇంటికి పోయిన కూలి మనిషి మర్నాడు ఏం తింటాడు? మందులు సరిగా వేసుకుంటాడా? నెల తర్వాత బస్సు చార్జీలు ఎక్కడి నుంచి తెస్తాడు? ఒకరోజు కూలి పోగొట్టుకొని తోడు ఎవరొస్తారు? ఈ ప్రశ్నలకు చీటీలో జవాబు ఉండదు. వీటికి జవాబు వెతకడమే తన ఉద్యోగంగా పెట్టుకున్న వ్యక్తిని మెడికల్ సోషల్ వర్కర్ అంటారు. తెలుగులో వైద్య సామాజిక కార్యకర్త అనవచ్చు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చి మేము ఒకే హాస్టల్లో చదువుకుంటున్నాం. మాలో ఎక్కువ మందికి డాక్టరు ఎవరో, సిస్టర్ ఎవరో తెలుసు. సామాజిక కార్యకర్త అనే మనిషి కూడా దవాఖానలో ఉంటారని మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ విషయం గురించి రాయాలనుకున్నాం.

ఈ పని ఎక్కడ మొదలైంది?

ఆసుపత్రిలో సామాజిక సేవ ఒక ఉద్యోగంగా మొదలై నూరేళ్లు దాటింది. 1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో మేరీ స్టూవర్ట్ అనే ఆమెను ఈ పనికి నియమించారు. మొదట ఆమెకు అప్పగించిన పని, ఉచిత వైద్యానికి వచ్చేవారిలో నిజంగా పేదవారెవరో విచారించడం. ఒక రకంగా అది కాపలా పనే. కానీ రోగులతో కూర్చొని మాట్లాడటం మొదలైన తర్వాత వారి ఇంటి బాధలు బయటపడ్డాయి. కాపలా పని కాస్తా సహాయం చేసే పనిగా మారింది.

1905లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టరు రిచర్డ్ కాబట్ తన ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తలను పెట్టారు. రోగి ఇల్లు, తిండి, పని, దిగులు ఏమీ తెలియకుండా మందు రాస్తే ఆ మందు సగం వృథా అవుతుందన్నది ఆయన అనుభవం. ఆ విభాగాన్ని పెంచి పెద్దచేసిన ఐడా కానన్ పేరు ఈ వృత్తి చరిత్రలో నిలిచిపోయింది.

మన దేశంలో 1936లో బొంబాయిలో సామాజిక సేవను నేర్పే కళాశాల ఏర్పడింది. అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో మన దేశపు మొదటి మెడికల్ సోషల్ వర్కర్ నియామకం జరిగింది. అంటే మనకు స్వాతంత్ర్యం రాకముందే ఈ ఉద్యోగం వచ్చింది. అయినా మన పల్లెలకు ఇంకా పరిచయం కాలేదు.

మన మూడు జిల్లాల సంగతి

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు చాలావరకు పాత వరంగల్ జిల్లాలోనే ఉండేవి. జబ్బు ముదిరిందంటే అందరికీ దిక్కు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రే. “వరంగల్ రాసిండ్రు” అనే మాట మన ఊళ్లలో పుట్టింది అందుకే. తర్వాత పరిస్థితి కొంత మారింది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పెద్ద డాక్టర్లు మన పట్టణాలకే వచ్చారు. ఇది చాలా సంతోషించవలసిన విషయం.

కానీ దవాఖాన దగ్గరికి వచ్చినంత మాత్రాన దవాఖానకు, ఇంటికి మధ్య దూరం తగ్గిపోదు. జనగామకు, మహబూబాబాద్‌కు రైలు ఉంది, భూపాలపల్లికి లేదు. మహాదేవపూర్, పలిమెల వైపు ఊళ్లు గోదావరి ఒడ్డున అడవుల మధ్య ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల్లో తండాలు, గూడేలు ఎక్కువ. అక్కడి పెద్దవాళ్లలో కొందరికి లంబాడీ, కోయ భాషలు వచ్చినంత బాగా తెలుగు రాదు. డాక్టరు గారు మాట్లాడే ఇంగ్లీషు కలిసిన తెలుగు అసలే అర్థం కాదు. పత్తి ఏరే రోజుల్లోనో, మిర్చి తెంపే రోజుల్లోనో మంచం పట్టిన మనిషి “ఇంకా నాలుగు రోజులు ఉండాలి” అంటే ఉండలేడు. చెప్పకుండా లేచి ఇంటికి వెళ్లిపోతాడు. రికార్డుల్లో అతను “చెప్పకుండా వెళ్లిపోయిన రోగి” అవుతాడు. ఎందుకు వెళ్లిపోయాడో కనుక్కునే మనిషి ఉంటేనే అతను తిరిగి వస్తాడు.

సామాజిక కార్యకర్త ఏం చేస్తారు?

రోగి చేరగానే సామాజిక కార్యకర్త మొదట చేసే పని మాట్లాడటం, అంతకన్నా ఎక్కువగా వినడం. డాక్టరు “నొప్పి ఎక్కడ?” అని అడిగితే సామాజిక కార్యకర్త “అవ్వా, నువ్వు ఈడికొచ్చినంక ఇంటికాడ బర్రెను ఎవలు చూస్తున్నరు?” అని అడుగుతారు. వినడానికి ఇది చిన్న ప్రశ్న. కానీ ఆ బర్రె కోసమే ఆ అవ్వ రేపు దవాఖాన విడిచి వెళ్లిపోవచ్చు. ఇలా తెలుసుకున్న సంగతులను కేసు వివరంగా రాసి, వైద్యానికి అవసరమైనంత వరకు డాక్టరుకు చెప్తారు. ఆ తర్వాత చేసే పనులు జబ్బును బట్టి, ఇంటిని బట్టి ఉంటాయి. మూడు ఉదాహరణలు చూద్దాం. ఇవి ఎవరి కథలూ కావు, విషయం అర్థం కావడానికి మేము ఊహించి రాసినవి.

మొదటిది క్షయ వ్యాధి. మహబూబాబాద్ వైపు ఒక తండాలో కూలి పని చేసుకునే నడివయసు మనిషికి టీబీ అని తేలిందనుకుందాం. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు ఉంటాయి. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి ఒంట్లో బాగున్నట్టు అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం ఉంది. తగ్గిపోయిందని మందులు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని టీబీగా కూడా మారవచ్చు. పైగా ఆ మందుల వల్ల మూత్రం ఎర్రటి నారింజ రంగులో వస్తుంది. ఆ సంగతి ముందుగా చెప్పకపోతే “రక్తం పోతున్నది” అని భయపడి మానేసేవాళ్లు ఉంటారు. ఈ ఒక్క మాటను అతని భాషలో, అతని భార్య కూడా వింటుండగా, మొదటి రోజే చెప్పడం సామాజిక కార్యకర్త పని. 2018 ఏప్రిల్‌లో మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ రోగికి పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబర్ నుంచి దానిని 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బులు పడాలంటే బ్యాంకు ఖాతా, ఆధార్ సరిగా ఉండాలి. అవి సరిచేయించడం కూడా వైద్యంలో భాగమే. ఎందుకంటే సామెతలోని పాలు ఆ డబ్బులతోనే వస్తాయి.

రెండవది గర్భిణి సంగతి. భూపాలపల్లి జిల్లాలో ఒక మారుమూల ఊరి ఆడబిడ్డకు ఎనిమిదో నెలలో బీపీ ఎక్కువగా ఉంది, రక్తం తక్కువగా ఉంది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని డాక్టరు రాశారు. “రెఫర్” అనే మాటను ఇంటివాళ్లు “ఇక్కడ చేతులెత్తేశారు, అక్కడికి పోయినా ఇంతే” అని అర్థం చేసుకుంటారు. పెద్ద పిల్లలను ఎవరు చూడాలి, ఖర్చు ఎంతవుతుంది, రక్తం ఎవరిస్తారు అని ఆలోచించి ఇంటికి తిరిగి వెళ్లిపోతారు. తల్లీబిడ్డల ప్రాణాలు పోయేది ఇలాంటి చోటనే. ఆ సమయంలో సామాజిక కార్యకర్త అత్తమ్మను, భర్తను కూర్చోబెట్టి ఎందుకు పంపుతున్నారో వివరిస్తారు. 108 వాహనం వచ్చేదాకా ఉండి, కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి ఇస్తారు. వెళ్లే ఆసుపత్రికి ఫోను చేసి చెప్తారు. ఊళ్లోని ఆశా కార్యకర్తకు కూడా కబురు పెడతారు. మర్నాడు మళ్లీ ఫోను చేసి చేరారో లేదో కనుక్కుంటారు. ఇందులో మందు ఒక్కటీ లేదు. అయినా ఇది ప్రాణం నిలబెట్టే పని.

మూడవది చెప్పడానికే బాధ కలిగించే విషయం. జనగామ వైపు కరువు, అప్పులు ఎరిగిన ప్రాంతం. అప్పుల బాధతోనో, ఇంట్లో గొడవతోనో ప్రాణం తీసుకోబోయిన మనిషిని దవాఖానకు తెచ్చారనుకుందాం. డాక్టర్లు, సిస్టర్లు రాత్రంతా కష్టపడి బతికించారు. నాలుగు రోజులకు ఇంటికి పంపారు. కానీ అప్పు అలాగే ఉంది, గొడవ అలాగే ఉంది. చుట్టాలు వచ్చి తలా ఒక మాట అంటారు. అటువంటి మనిషితో ఒంటరిగా కూర్చొని, తిట్టకుండా, తొందర పెట్టకుండా మాట్లాడవలసిన బాధ్యత సామాజిక కార్యకర్తది. ఆ తర్వాత మానసిక వైద్యునికి చూపించడం, ఇంటివాళ్లకు ఎలా మెలగాలో చెప్పడం, అప్పు విషయంలో న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం, కొన్ని వారాలు వెంటాడి పలకరించడం చేయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే గాని శిక్షించకూడదు. అతనికి వైద్యం, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఈ సంగతి తెలియక పోలీసు కేసు భయంతో జబ్బును దాచి పెట్టే కుటుంబాలకు ధైర్యం చెప్పడం కూడా ఈ పనిలో ఒక భాగం.

ఇవి కాక ఇంకా ఎన్నో పనులు ఉన్నాయి. కాలు పోయిన మనిషికి వైకల్య ధ్రువపత్రం ఇప్పించి పింఛనుకు దారి చూపడం, ఎవరూ లేని ముసలివాళ్లకు ఆశ్రయం వెతకడం, స్పృహ లేని స్థితిలో తెచ్చిన వ్యక్తి బంధువులను కనుక్కోవడం, దెబ్బలు తిని వచ్చిన స్త్రీని సఖి కేంద్రానికి చేర్చడం, ఇక నయం కాదని తేలిన క్యాన్సర్ రోగి ఇంటివాళ్లకు ఆ మాటను మెల్లగా చెప్పి నొప్పి తగ్గించే వైద్యం ఎక్కడుందో చూపడం, చనిపోయిన మనిషిని ఇంటికి చేర్చే ఉచిత వాహనం మాట్లాడటం – అన్నీ ఇందులోకే వస్తాయి.

ఆశా, ఆరోగ్యమిత్ర – వీరికీ సామాజిక కార్యకర్తకూ తేడా

“ఆశా అక్క ఉంది కదా, ఆరోగ్యమిత్ర ఉన్నాడు కదా, మళ్లీ ఇంకొకరు ఎందుకు?” అని మాలోనే కొందరు అడిగారు. మంచి ప్రశ్నే. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఆశా కార్యకర్తలు వచ్చారు. వారి పని ఊళ్లో. గర్భిణులను, పసిపిల్లలను చూసుకుంటూ ఊరిని దవాఖానతో కలుపుతారు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆరోగ్యమిత్రలు వచ్చారు. ఆ పథకం కింద రోగిని నమోదు చేయించి, అనుమతి వచ్చేదాకా దారి చూపడం వారి పని. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు కనుక వారి పని ఇంకా ముఖ్యమైంది. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లు ఆ వ్యాధి విషయంలో సలహాలు ఇస్తారు.

వీరందరూ అవసరమే. అయితే ఒక్కొక్కరు ఒక పథకాన్నో, ఒక జబ్బునో, ఒక ఊరినో చూసుకుంటారు. సామాజిక కార్యకర్త మొత్తం మనిషిని చూస్తారు. పథకంలోకి రాని జబ్బు అయితే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టిస్తారు. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ఏ ఆఫీసుకు పోవాలో చెప్తారు. ఆశా కార్యకర్తనూ, ఆరోగ్యమిత్రనూ, సిస్టర్‌నూ ఒకే రోగి కోసం ఒకచోట కలుపుతారు.

చేయకూడని పనులు

సామాజిక కార్యకర్త మందులు రాయకూడదు, మార్చకూడదు. రోగి చెప్పిన రహస్యం బయట చెప్పకూడదు. ముఖ్యంగా హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు వారి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టానికి విరుద్ధం. రోగి తరఫున తానే నిర్ణయం తీసుకోకూడదు. ఉన్న దారులన్నీ చూపించి ఎంచుకోవడం రోగికే వదిలిపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోగి నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. “నేను పని చేయిస్తా, ఇంత ఇవ్వు” అనే మనిషి దళారి మాత్రమే. ఈ తేడా మన ఊళ్లలో అందరికీ తెలియాలి.

లోటు ఎక్కడుంది?

వైద్య కళాశాలల్లో సోషల్ వర్కర్ ఉద్యోగాలు ఉంటాయి. కానీ అవి ఎక్కువగా కమ్యూనిటీ మెడిసిన్, మానసిక వైద్యం వంటి విభాగాలకు అనుబంధంగా ఉంటాయి. వందల మంది రోగులు వచ్చే ఆసుపత్రికి ఒకరిద్దరు ఉంటే ఎవరిని పలకరిస్తారు? ఆ ఒకరిద్దరికీ రిజిస్టర్లు, నివేదికలు రాసే పని కూడా అప్పగిస్తే వార్డులోకి ఎప్పుడు వెళ్తారు? కొత్త ఆసుపత్రికి ఎన్ని పడకలు, ఎన్ని యంత్రాలు వచ్చాయని మనం అడుగుతాం. రోగితో మాట్లాడేవారు ఎందరు వచ్చారని ఎవరమూ అడగము. ఇకనుంచి అడగాలి.

మేము కోరేవి పెద్దవి కావు. ఓపీ చీటీలు ఇచ్చే చోట ఒకరు, ప్రసూతి, టీబీ, మానసిక వైద్య విభాగాల్లో కనీసం ఒక్కొక్కరు ఉండాలి. మహబూబాబాద్, భూపాలపల్లి ఆసుపత్రుల్లో లంబాడీ, కోయ భాషలు తెలిసినవారిని పెట్టాలి. రోగితో ఒంటరిగా మాట్లాడటానికి ఒక చిన్న గది ఉండాలి. ఇంటికి పంపేటప్పుడు మందులు ఎప్పుడు, ఎలా వేసుకోవాలో తెలుగులో రాసి ఇవ్వాలి. చదువు రానివారికి చదివి చెప్పాలి. ఇవి జరిగితే సగం దూరం తగ్గినట్టే.

విద్యార్థి మిత్రులారా!

డాక్టరు కావాలని మనలో చాలామంది కలలు కంటారు. సీటు రానివారు నిరుత్సాహపడి దవాఖాన వైపు చూడటమే మానేస్తారు. కానీ రోగికి సేవ చేయడానికి ఇంకో తలుపు కూడా ఉంది. ఏ డిగ్రీ చదివినవారైనా ఎం.ఎస్.డబ్ల్యూ. చేయవచ్చు. ఇది రెండేళ్ల కోర్సు. సీపీగెట్ ప్రవేశ పరీక్ష ద్వారా సీటు వస్తుంది. కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల పరిధిలో ఈ కోర్సు ఉంది. తరగతి పాఠాలతో పాటు ఆసుపత్రులకు, బస్తీలకు, గ్రామాలకు వెళ్లి పని నేర్చుకోవడం ఇందులో తప్పనిసరి.

ఈ పనికి కావలసిన అర్హతల్లో కొన్ని ఏ కళాశాలా నేర్పలేదు. తండా భాష రావడం, కూలి పోతే పొయ్యి మీద ఏం పడుతుందో తెలిసి ఉండటం, ఆఫీసు ముందు నిలబడటానికి పేదవాడు ఎందుకు భయపడతాడో అర్థం కావడం వంటివి మన ఇళ్లలోనే మనకు అబ్బాయి. మన కష్టంగా అనుకుంటున్న ఈ అనుభవం ఈ వృత్తిలో మనకు బలమవుతుంది.

ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కరలేదు. మన ఊరి నుంచి ఎవరైనా దవాఖానకు వస్తే ఓపీ చీటీ రాయించవచ్చు, కాగితాలు చదివి చెప్పవచ్చు, మళ్లీ రావలసిన తేదీని ఫోనులో గుర్తు చేయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవారు డాక్టర్లు సరే అంటే రక్తం ఇవ్వవచ్చు. మందుల విషయంలో మాత్రం మన సొంత సలహాలు ఇవ్వకూడదు. అత్యవసర వైద్యానికి 108, మనసు బాగోలేనప్పుడు ఏ వేళకైనా మాట్లాడటానికి టెలీ మానస్ 14416, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181 నంబర్లను హాస్టల్ నోటీసు బోర్డు మీద, మన ఇంటి గోడ మీద రాసి పెట్టుకుందాం.

మన జిల్లాలకు వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడ రాసిన మందు గూడెందాకా, తండాదాకా, కూలి మనిషి గుడిసెదాకా చేరినప్పుడే ఆ కళాశాలలు నిజంగా మనవి అవుతాయి. ఆ మందును చేర్చే మనుషుల్లో మన హాస్టల్ విద్యార్థులు కూడా ఉండాలని కోరుకుంటూ ముగిస్తున్నాం.